కాలువ వారం, గోలీ వారం

కాలువ తూములు చూసుకునే ఉద్యోగిని మా దగ్గర లష్కర్ అంటారు. లష్కర్ అంటే ఉర్దూలో సైన్యం. బాన్సువాడ నుంచి బీర్కూర్ దిక్కు పోయే పిల్లకాలువ మీద ముప్పై ఏళ్ళు నేనొక్కడినే సైన్యం. నా ఆయుధాలు షట్టర్ తిప్పే ఇనుప హ్యాండిల్, కొడవలి, గ్రీజు డబ్బా. నా శత్రువులు నాచు, గుర్రపుడెక్క, నీళ్ళందని చివరి మళ్ళ రైతులు. తూము తెరవడం, మూయడం, నీటిమట్టం చూసి రిజిస్టర్‌లో రాయడం. డిగ్రీ రెండుసార్లు తప్పినవాడికి అదే కలెక్టరు ఉద్యోగం. తెరవడం, మూయడం తప్ప మూడో ఆలోచన తెలియని ఆ బుర్రే చివరికి నా కొంప ముంచింది. నీళ్ళ మనిషిని కదా, మునగడం కూడా పద్ధతి ప్రకారమే మునిగాను.

మూడేళ్ళ కిందట ఒక పొద్దున గట్టు మీద నడుస్తుంటే ఛాతీలో ఏదో ఎగిరింది. గుండె కొట్టుకోవడం నాకు తెలుసు, అది కాదు. కాలువ బంద్ పెట్టాక గుంటల్లో చిక్కుకున్న చేపలు నీళ్ళు ఇంకేకొద్దీ ఎగిరెగిరి పడతాయి చూడండి, అట్లా. ఒకటి, రెండు, ఏమీ లేదు, మూడూ నాలుగూ ఐదూ ఒక్కసారే, మళ్ళీ ఏమీ లేదు. గట్టు మీద కూలబడి చేతిని ఛాతీకి అదుముకున్నాను, ఎగిరేదాన్ని పట్టుకుందామన్నట్టు.

బాన్సువాడ డాక్టరు ఈసీజీ తీసి కాగితం నా ముందు పరిచాడు.

"చూసినవా? గీతల నడుమ ఎడం ఒక్కతీరుగ లేదు. నీ గుండెల పై గదులు కొట్టుకుంటలేవు, వణుకుతున్నయి. దీంతోని ఏండ్లకేండ్లు బతుకుతరు, ఫికర్ లేదు. ఫికర్ వేరే ఉంది. వణికే గదిల నెత్తురు నిలబడుతది. నిలబడితే గడ్డ కడుతది. ఆ గడ్డ మెదడుకు పోయిందనుకో, పక్షవాతం."

నాకు వెంటనే అర్థమైంది. నీళ్ళు నిలబడినచోట నాచు కడుతుంది, ఆ నాచు కొట్టుకుపోయి కింది తూముకు అడ్డం పడుతుంది. అంత తొందరగా అర్థమైనందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. నా అసలు జబ్బు అదే, అన్నీ నాకు అర్థమైపోతుంటాయి.

ఆయన రెండు రకాల గోలీలు రాశాడు. ఒకటి గుండె పరుగు తగ్గించేది. రెండోది నెత్తురు గడ్డ కట్టకుండా పలచగా ఉంచేది, పొద్దున ఎనిమిదికి, సాయంత్రం ఎనిమిదికి. "ఒక్క పూట గూడ తప్పద్దు. ఇది ఒంట్ల నిలువ ఉండేది కాదు. ఏసుకుంటెనే ఉన్నట్టు," అన్నాడు.

ఇంటికి బీపీ మిషన్ ఒకటి తెచ్చుకున్నాం. నా జబ్బకు చుడితే అది కాసేపు బుసబుస ఊది, తప్పు గుర్తు చూపించి మూసుకునేది. మళ్ళీ చుడితే మళ్ళీ తప్పే. వాడకట్టు వాళ్ళందరికీ అంకెలు చెప్పేది, నాకు తప్ప.

"మిషన్‌కు గూడ నీ సంగతి సమజైతలేదు," అనేది నా భార్య. "ముప్పై ఏండ్ల నుంచి నాకే కాలే, దానికేడ అయితది?"

నవ్వేవాళ్ళం. కానీ ఆ నవ్వు మధ్యలోనే చేప ఎగిరేది, నవ్వు ఆగిపోయేది. మామూలు మనుషులకు భయం వేస్తే గుండెల్లో రైళ్ళు పరుగెడతాయి. నాకు ముందు రైళ్ళు పరుగెత్తి, తర్వాత భయం వేసేది, అదీ టైమ్‌టేబుల్ లేకుండా. అన్నం కలుపుతుంటే వచ్చేది. చెప్పులు తొడుక్కుంటుంటే వచ్చేది. ఎడమ పక్కకు తిరిగి పడుకోవడం మానేశాను. ఎవరైనా "గుండె దిటవు చేసుకో" అంటే ఏ గదిని దిటవు చేసుకోవాలో తెలిసేది కాదు. రోజూ లేవగానే ముందు కుడి చెయ్యి ఎత్తి చూసుకునేవాణ్ణి, తర్వాత నా పేరు నేనే మెల్లగా పలికేవాణ్ణి. చెయ్యి లేచింది, పేరు పలికింది, ఇవాళ్టికి మనిషినే. అట్లా ప్రతి పొద్దునా హాజరు వేసుకునేవాణ్ణి.

రెండేళ్ళ వరకు గోలీలు సరిగ్గానే వేసుకున్నాను. పోయిన యాసంగి పంటప్పుడు ఒకరోజు తూము ముందు అడ్డం పడిన తుమ్మకంప కొడుతుంటే కొడవలి జారి ముంగాలికి తగిలింది. చిన్న కోత. అంతకుముందైతే మట్టి అద్ది పని చేసుకునేవాణ్ణి. ఇప్పుడు ఆగలేదు. తువ్వాలు చుట్టాను, తడిసింది. పిండి మళ్ళీ చుట్టాను, మళ్ళీ తడిసింది. ఎటు చూసినా వరి తప్ప మనిషి లేడు. చెప్పు నిండింది. కాలువ నీళ్ళలో కాలు పెట్టి కూర్చుంటే ఎర్రటి తీగ ఒకటి సాగుతూ పోయింది, నేనే చివరి మళ్ళకు పారుతున్నట్టు. గంటకు పైగా పట్టింది ఆగడానికి. ఆ గంటలో నాకు పక్షవాతం భయం పోయి, నెత్తురు భయం పట్టుకుంది.

డాక్టరుకు చెబితే కాలు చూసి, "గట్టిగ అదిమి పట్టి జల్ది నా దగ్గరికి రావాలె. గోలీ మాత్రం ఆపద్దు. నెత్తురు కారేది కనబడుతది, గడ్డ కట్టేది కనబడది. కనబడేదానికే భయపడకు," అన్నాడు. తల ఊపాను. తల ఊపడంలో నాకు మొదటినుంచీ మంచి మార్కులే.

మా కాలువకు నీళ్ళు రోజూ వదలరు. ఒక వారం వదులుతారు, ఒక వారం బంద్ పెడతారు. బంద్ వారంలో నాకు పెద్దగా పని ఉండదు, ఇంటి దగ్గరే. నీళ్ళ వారంలో పొద్దున ఏడుకు గట్టెక్కితే సాయంత్రం దాకా కొడవలి, కంప, ఇనుము. అప్పుడే ఆ ఆలోచన వచ్చింది. ఇంత పెద్ద కాలువే విడతలవారీగా నడుస్తోంది, పంట ఎండిపోతోందా? మరి గోలీ ఎందుకు నడవకూడదు? కాలువ నడిచే వారం గోలీ బంద్. కాలువ బంద్ అయిన వారం గోలీ నడక. ఎంత చక్కటి లెక్క! ఇంజనీరు కావలసినవాణ్ణి.

చిక్కల్లా నా భార్యతో. ఆమె ఎనిమిదో తరగతితో చదువు ఆపేసినా గోలీల విషయంలో ఎం.బి.బి.ఎస్. పొద్దుటి గోలీ కాగితంలో మడిచి టిఫిన్ డబ్బాతో ఇచ్చేది. సాయంత్రానిది చేతిలో పెట్టి, నీళ్ళిచ్చి, ఎదురుగా నిలబడేది.

"ఏసుకున్నవా?"

"ఏసుకున్న."

"ఏది, నోరు తెరువు."

తెరిచేవాణ్ణి. గోలీ దవడ పక్కన ఉండేది. ఆమె అటు తిరగగానే తీసి జేబులో వేసుకునేవాణ్ణి. జేబులోంచి సంచిలోని ఖాళీ గ్రీజు డబ్బాలోకి. పొద్దుటిది నేరుగా డబ్బాలోకే. ఆ డబ్బాను ఆమె ముట్టదని తెలుసు. నీళ్ళ వారం అయిపోగానే డబ్బాలో పోగైనవన్నీ కాలువలో కుమ్మరించేవాణ్ణి. మా నిజాంసాగర్ కాలువ చేపల నెత్తురు ఎంత పలచబడిందో తెలియదు. అట్లా రెండు నెలలు గడిచాయి. కోతలు తగలలేదు, నెత్తురు కారలేదు. నా లెక్క సరైనదని తేలిపోయింది అనుకున్నాను.

ఆ గురువారం పొద్దున తొమ్మిది గంటలకు నేను చివరి తూము దగ్గర ఉన్నాను. నీళ్ళు వదిలి అది నాలుగో రోజు. ఆ చివరి మళ్ళు ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన ఒక రైతు కుటుంబానివి. ఆ ఇంటి పెద్దావిడ గట్టు మీదికి వచ్చి తిట్టడం మొదలుపెట్టింది. అది మా ఇద్దరికీ అలవాటే. ఆవిడ తిడుతుంది, నేను వింటాను, మర్నాటికి నీళ్ళు అందుతాయి.

"నాలుగు రోజుల్నుంచి చుక్క రాలేదయ్యా! పైవాళ్ళ చేలు చెరువులైపోతున్నాయి, మా మళ్ళు చూడు ఎలా బీటలేస్తున్నాయో. నువ్వేమో ఆ చక్రం పట్టుకుని ఫొటోకి నిలబడ్డట్టు నిలబడ్డావు!"

రేపటికి వస్తాయమ్మా అని చెప్పబోయాను. నోట్లోంచి ఏదో వచ్చింది, కానీ అది తెలుగు కాదు. ఉర్దూ కాదు. హ్యాండిల్ మీద ఉన్న నా కుడి చెయ్యి నాది కానట్టు జారిపోయింది. జారడం చూశాను. చూసి, దాన్ని ఎత్తమని చెప్పాను. అది వినలేదు.

"మాట్లాడవేం? నోట్లో ఏం పెట్టుకున్నావు?" అని ఆవిడ దగ్గరికొచ్చింది. నా మొహం చూసి ఆగింది. "అయ్యో... నోరు పక్కకి పోతోందేంటి? ఏదీ, నవ్వు. నవ్వవయ్యా!"

ముప్పై ఏళ్ళలో ఆవిడ నన్ను నవ్వమనడం అదే మొదటిసారి. నవ్వాననే అనుకున్నాను. ఆవిడ మొహం చూస్తే కాదని తెలిసింది.

ఆవిడ కొంగు నడుముకు దోపి, పొలంలో ఉన్న ఇద్దరు కూలీలను కేకేసి, నన్ను మోయించి రోడ్డెక్కించింది. నా సంచి తన భుజానికి వేసుకుంది. బీర్కూర్ నుంచి బాన్సువాడ పోయే బస్సు వస్తుంటే రోడ్డుకు అడ్డంగా నిలబడి ఆపింది. నన్ను ముందు సీట్లో కుదేశారు.

"పొద్దుగాల్నే ఏసిండా ఏంది?" అన్నాడు వెనక ఎవరో.

"కాలువోడు గదనే! నీళ్ళన్నీ పొలాలకిచ్చి, ఉత్తదే తాగినట్టుండు."

మామూలప్పుడైతే ఆ మాటకు నేనే ముందు నవ్వేవాణ్ణి.

"నోరు మూసుకోండయ్యా! తాగితే మూతి వంకర పోద్దా? మా అన్నయ్యకీ అచ్చం ఇలాగే అయ్యింది, మేం తెల్లారేదాకా చూసి చెడగొట్టుకున్నాం. కండక్టరుగారూ, ఎక్కడా ఆపకండి. తిన్నగా ఆసుపత్రికి పోనివ్వండి."

"అమ్మా, నడుమల స్టేజీలున్నయమ్మా. దిగేటోళ్ళున్నరు."

"స్టేజీలు రేపూ ఉంటాయి. ఈయన ఉంటాడో లేదో!"

కూరగాయల గంప పెట్టుకున్న ఒక అవ్వ నా వైపు చూసి, "పోనీ బిడ్డ. నా స్టేజి పోతే పాయె, నేను మళ్ళ నడ్సుకుంట వస్త," అంది. బస్సు దవాఖాన గేటు దాకా ఆగలేదు.

నాకు తెలివి తప్పలేదు. అదే ఘోరం. అన్నీ వినిపిస్తున్నాయి, అన్నీ అర్థమవుతున్నాయి. ఎప్పటిలాగే అన్నీ అర్థమవుతున్నాయి, చెప్పడమే రావడం లేదు. బాన్సువాడలో చూసి, స్కాను తీసే చోటికి పోవాలని వెంటనే అంబులెన్సు ఎక్కించారు. కబురంది పరుగున వచ్చిన నా భార్య ఎక్కింది. సంచి ఆమె ఒళ్ళోకి మారింది. నిజామాబాద్ దాకా ఆమె నా ఎడమ చేతిని పట్టుకుని ఒకటే మాట అంటోంది, "నీకేం గాదు. గోలీలు తప్పకుండ ఏసుకుంటున్నవ్, నీకేం గాదు."

అక్కడి డాక్టరు స్కాను చూసి బయటికి వచ్చేసరికి పన్నెండు దాటింది.

"అమ్మా, మంచి టైముకే తెచ్చిండ్రు. లోపట నెత్తురు కారలేదు, గడ్డనే అడ్డం పడ్డది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఉంది. తొమ్మిదికి మొదలైందంటున్నరు కాబట్టి ఒకటిన్నర దాకా ఇయ్యచ్చు. ఒక్కటి చెప్పు. నెత్తురు పలచగ చేసే గోలీలు వాడుతున్నడా?"

"వాడుతుండు సార్!" నా భార్య గొంతులో గర్వం వినిపించింది. "ఒక్క పూట తప్పలే. నా చేత్తోని ఇస్త, నోరు తెరిపిచ్చి చూస్త. ఈ పొద్దటిది గూడ టిఫిన్ల కట్టిచ్చిన."

డాక్టరు కాగితాలు మూశాడు.

"అట్లయితే ఇయ్యలేనమ్మా. ఆ గోలీ ఒంట్ల ఉండంగ ఇది ఇస్తే మెదడుల నెత్తురు కారి మనిషే దక్కడు. రెండు రోజులకు మించి గోలీ బంద్ అయి ఉంటెనే ఇది పనికొస్తది."

నాలుగు రోజులు! నాలుగు రోజులైంది! ఏసుకోలే. నాలుగే అక్షరాలు. ఇన్నేళ్ళ బతుకులో నేను నిజం చెప్పాలని అంతగా ఎన్నడూ కొట్టుకోలేదు. నోరు తెరిస్తే "ఆ... ఆ..." అని మాత్రమే వస్తోంది. కాదు అని చెప్పాలనుకునేవాడి నోటికి అవును తప్ప మరోటి రావడం లేదు.

"ఏదో చెప్తుండు సార్," అంది ఆమె.

డాక్టరు నా మీదికి వంగాడు. "గోలీలు ఏసుకోలేదా?"

తల ఊపాను, మెడ విరిగేటట్టు.

"ఏసుకున్నవా?"

దానికీ ఊపాను. ఊపకూడదని తెలుసు, తల వినలేదు.

ఆయన నా కళ్ళలోకి చూసి, "నువ్వు ఆడమనిషివా?" అన్నాడు.

ఊపాను.

"చూసినవా అమ్మా? ఈయన అవునన్నదాన్ని పట్టుకొని నేనేం చెయ్యలేను." ఆయన వెనక్కి తిరిగాడు. గోడ గడియారంలో పన్నెండూ ఇరవై.

నాకు మిగిలింది ఎడమ చెయ్యి. దాంతో ఆమె ఒళ్ళోని సంచిని కొట్టాను. నీళ్ళ సీసా తీసింది. తోసేశాను. కళ్ళజోడు తీసింది. రిజిస్టర్ తీసింది. టిఫిన్ డబ్బా తీసింది. అన్నీ తోసేశాను. సంచి అడుగున నల్లటి డబ్బా మిగిలింది.

"గిది గ్రీజుగదయ్యా, గిప్పుడు గ్రీజెందుకు?" అని ఏడుస్తూనే మూత తిప్పింది.

డబ్బాలోకి చూసింది. నా మొహం చూసింది. మళ్ళీ డబ్బాలోకి చూసింది. నాకు ఆ మూడు చూపులు కనబడకుండా కళ్ళు మూసుకునే ధైర్యం కూడా లేకపోయింది.

ఆమె గోలీలను అరచేతిలో పోసుకుని డాక్టరు వెనకాల పరుగెత్తింది. తలుపు తెరిచే ఉంది, మాటలు వినిపించాయి.

"సార్, ఏసుకోలే సార్. దాసిపెట్టుకున్నడు."

"ఇవి ఎప్పటివమ్మా? పాతవి కూడా కావచ్చు గద. నిన్న ఏసుకొని ఉంటే?"

"కాదు సార్, చూడుండ్రి. పోయిన ఐతారం దాక పసుపు రంగువి ఇచ్చిన. మెడికల్ షాపుల అవి లేవని వేరే కంపెనీవి ఇచ్చిండ్రు, గులాబీ రంగువి. సోమారం పొద్దుగాల కొత్త షీటు తెంపిన. సోమారం రెండు, మంగళారం రెండు, బుధారం రెండు, ఇయ్యాల ఒకటి. ఏడు. గివి ఏడే ఉన్నయి, ఏడు గులాబీవే. ఒక్కటి గూడ నోట్లె పడలే."

డాక్టరు ఒకటి నుంచి ఏడు దాకా లెక్కపెట్టడం వినిపించింది.

"సంతకం పెట్టాలమ్మా. ఏమన్న అయితే మరి... ఈయనను నమ్మి ఇయ్యమంటవా?"

"ఆయన్ను నమ్మి ఇయ్యమంటలేను సార్," అంది. "నా లెక్కను నమ్మి ఇయ్యుండ్రి."

ఒంటిగంటకు ముందే ఇంజెక్షన్ ఎక్కింది.

మాట రావడానికి మూడు రోజులు పట్టింది. అది కూడా నీళ్ళొచ్చినట్టే, ముందు బురద, తర్వాత కొంచెం తేట. చెయ్యి లేస్తుంది, కానీ పిడికిలి బిగవదు. షట్టర్ ఇప్పుడు వేరేవాళ్ళు తిప్పుతున్నారు. ఇది ఎడమ చేత్తో రాస్తున్నాను, రోజుకు అర పేజీ. పేర్లు మాత్రం తిరిగి రాలేదు. మనిషి గుర్తుంటాడు, ముచ్చట గుర్తుంటుంది, పేరు నాలుక చివర దాకా వచ్చి చివరి మళ్ళకు నీళ్ళు రానట్టు ఆగిపోతుంది. అందుకే ఇందులో ఎవరి పేరూ లేదు. నా భార్య పేరు మా తరంలో ఎట్లాగూ పిలవం కాబట్టి ఆమెకు ఆ లోటు తెలియలేదనే అనుకుంటున్నాను. చివరి మళ్ళావిడ చూడ్డానికి వచ్చింది. నీళ్ళందాయా అని అడిగాను. "నువ్వు పడ్డ మర్నాడే వచ్చాయి," అని కళ్ళు తుడుచుకుంది.

గుండె అట్లాగే ఉంది. వణికేది వణుకుతూనే ఉంది. ఇప్పుడు గోలీలు నేనే తీసుకుంటాను, ఎనిమిదికీ ఎనిమిదికీ, కాలువ నడిచినా బంద్ అయినా. దవాఖాన నుంచి వచ్చిన రోజే నా భార్య షీట్లన్నీ తెచ్చి నా మంచం పక్కన పెట్టింది. తిట్టలేదు. ఏడవలేదు. "నీ నోరు, నీ గోలీ," అంది అంతే. ఆ తర్వాత ఒక్కనాడు కూడా అడగలేదు. అన్నం పెడుతుంది, స్నానానికి నీళ్ళు తోడుతుంది, చేతికి నూనె రాస్తుంది. వేసుకున్నావా అని మాత్రం అడగదు. పక్షవాతం వచ్చినప్పుడు నాకు సగం ఒళ్ళే పోయింది.

మొదట్లో నేనే గట్టిగా చెప్పేవాణ్ణి, "ఏసుకున్న!" అని. నోరు తెరిచి నాలుక కూడా ఎత్తి చూపేవాణ్ణి. ఆమె చూపు నా భుజం మీదుగా గోడ మీదికి పోయేది.

నిన్న సాయంత్రం ఎనిమిదైంది. గోలీ ఎడమ అరచేతిలో పెట్టుకుని ఊరికే కూర్చున్నాను. అడుగుతుందేమో చూద్దామని. ఎనిమిదీ ఐదైంది. ఆమె బియ్యం ఏరుతోంది. ఎనిమిదీ పదైంది. చేట పక్కన పెట్టి, లేచి, నా ముందు నుంచే లోపలికి పోయింది. నా చేతిని చూసింది, చూసిందని నాకు తెలుసు. లోపల గిన్నెల చప్పుడు, తర్వాత నల్లా చప్పుడు. ఎనిమిదింబావుకు గోలీ చెమటకు నాని అరచేతిలో గులాబీ మరక చేసింది.

వేసుకున్నాను. చేదుగా ఉంది. అప్పట్లో ఆమె చేతి నీళ్ళతో మింగేవాణ్ణి కదా, దానికి ఒక రుచి ఉంటుందని తెలియదు.